జలనిరోధిని: గోడ మీది ఆటవెలదికి టీకా

అవతారిక

శిరివెళ్లలో మా మేనమామ ఇంటి మిద్దె మీద ఒక చిన్న గది ఉంది. హామ్ రేడియో, అంటే సరదాకు నడిపే సొంత రేడియో, పెట్టుకున్నవాళ్లు తమ గదిని షాక్ అంటారు. ఆ మాట విన్న రోజు నుంచి మా అత్త దాన్ని కరెంటు షాక్ అనే అనుకుంది. ఇన్నేళ్లలో గడప దాటి లోపలికి అడుగు పెట్టలేదు. కాఫీ గ్లాసు గడప మీద పెట్టి, "ఏమయ్యో, కాఫీ" అని ఒక కేక వేసి దిగిపోతుంది. ఆ గదిలో రిగ్గుకు, అంటే రేడియో సెట్టుకు, కుడి పక్కన, సున్నం గోడ మీద, బొగ్గుతో రాసిన పద్యం ఒకటి ఉంది. కర్త మామే. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. మధ్యలో ఎప్పుడో కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పెట్టే హామ్ పరీక్ష పాసై, వీయూ అని మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్నాడు. మొదటి విద్య వల్ల పద్యం వచ్చింది, రెండో విద్య వల్ల పద్యానికి వస్తువు దొరికింది.

పద్యం రాసిన నాటికి శిరివెళ్ల కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గానీ మామ రేడియో తీగ మారలేదు. పద్యకర్తే పద్యం చెప్పినట్టు చేయకపోతే వ్యాఖ్యాత అవసరం పడుతుంది. ఆ అవసరం నా నెత్తిన పడింది.

మూలంలో లేనిది రాయనని పంతం పట్టినవాడు కోలాచలం మల్లినాథసూరి. ఆయనకేం, కాళిదాసు దొరికాడు. నాకు మామ దొరికాడు కాబట్టి మూలంలో లేనిదే ఎక్కువ రాయాల్సి వస్తుంది. సూరిగారు కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం, అంటే రాజమార్గం. 40వ నంబరు జాతీయ రహదారి మా శిరివెళ్ల మెట్ట మీదుగానే పోతుంది గనక ఆ పేరు మీద మాకూ కొంత హక్కుంది. అయినా ఒకరు వాడిన పేరు ఎందుకని దీనికి జలనిరోధిని అని పెట్టాను. జలమును నిరోధించునది అని విగ్రహవాక్యం. ఎంతవరకు నిరోధిస్తుందో వానలు చెప్పాలి.

మూలము

ఆ. వానకాల మింక వారముందనగానె
మిద్దె యెక్కి తీగ మేను తడుము
నల్లబడిన రాగి నమ్మదగదు సుమ్ము
తళుకు లేని తీగ తరిగి మార్చు

శాస్త్రం మొదలుపెట్టేటప్పుడు విషయం, సంబంధం, ప్రయోజనం, అధికారి అని నాలుగు చెప్పాలి. విషయం తీగ. సంబంధం రిగ్గుకూ యాంటెన్నాకూ నడుమ. అధికారి అంటే ఆఫీసరనుకునేరు, చదవడానికి అర్హుడు అని అర్థం. నిచ్చెన ఎక్కడానికి భయపడనివాడూ, ఎక్కి చూసింది దిగాక దాచిపెట్టనివాడూ ఇందుకు అధికారి. ప్రయోజనం దగ్గర ఒక శంక లేస్తుంది. ప్రతి చేతిలో సెల్లు ఉండగా ఈ తీగతో ఎవరికేం ఒరుగుతుంది? సమాధానం: 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్బీఐ అనే కాల్‌సైన్‌తో ప్రపంచమంతటితో మాట్లాడటం వాళ్ల సరదా. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదా కోసం తీసుకుపోయిన ఆ రేడియోలే క్షేమసమాచారాలు మోశాయి. ఆ పొద్దున వాళ్ల తీగలో నీళ్లుండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకున్నవాడికి ఈ శంక మళ్లీ రాదు.

ప్రతిపదార్థము

వానకాలము = వర్షాల కాలము; ఇంక = ఇకమీదట; వారము = ఏడు రోజులు; ఉంది + అనగానె = ఉన్నదని తెలిసిన వెంటనే; మిద్దె + ఎక్కి, యడాగమము వచ్చి మిద్దె యెక్కి = ఇంటి పైకప్పు మీదికి చేరి; తీగ మేను = కేబుల్ యొక్క శరీరమును; తడుము = చేతితో తాకి చూడుము; నల్లబడిన రాగి = కాంతి పోయి మసిబారిన తామ్రము; నమ్మదగదు = విశ్వసించుటకు తగదు; సుమ్ము = సుమా; తళుకు లేని తీగ = మెరుపు పోయిన కేబుల్‌ను; తరిగి = కోసి; మార్చు = కొత్తది వేయుము. రెండో పాదంలో యతి మి-మేలకు చెల్లింది. ఇంతవరకూ పదో తరగతి పిల్లలకు చాలు. మిద్దె ఎక్కేవాళ్లకు చాలదు.

తీగ అన్నప్పుడు మల్లెతీగా వీణతీగా ఇంతకు ముందే కవులు వాడుకున్నారు గనక మామకు కోయాక్సియల్ కేబుల్ మిగిలింది. అరటిబోదెను అడ్డంగా కోస్తే పొర మీద పొర కనపడినట్టు ఉంటుంది ఇది. నడుమ ఒక రాగి తీగ. దాని చుట్టూ తెల్లని పాలిథిన్. దాని మీద సన్నని రాగి పోగులతో అల్లిన వల. అన్నిటికీ పైన నల్లని పీవీసీ చర్మం. అన్నిటికీ అక్షం ఒక్కటే, అందుకే ఆ పేరు. ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషు మేధావి 1880లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయనకు బడి చదువు పదహారేళ్లకే ఆగిపోయింది. ఈ సంగతి మామకు చెప్పకూడదని అనుకున్నాను, ఎందుకంటే ఇప్పటికీ వీధిలో పిల్లలెవరైనా బడి మానేస్తే ఆయనే పోయి చెవి మెలిపెట్టి తీసుకొస్తాడు.

"వానకాల మింక వారముందనగానె"

ఇక్కడ పండితుల్లో రెండు పక్షాలు. పండితులంటే నేనూ మామా. వారము ఉంది అనగానె అని నేను విడగొట్టాను. వార ముందు అనగానె అని మామ ఈమధ్య కొత్తగా వాదిస్తున్నాడు, అంటే వారం ముందు ఎవరైనా గుర్తుచేస్తే చూడాలి, ఎవరూ గుర్తుచేయకపోతే కర్త తప్పు లేదు అని తాత్పర్యం. కర్త చెప్పినంత మాత్రాన అర్థం ఒప్పుకోవాలని ఏ శాస్త్రంలోనూ లేదు. రాసి గోడకెక్కించాక పద్యం వ్యాఖ్యాతది.

సరే, వారం ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? మా వైపు లెక్క క్యాలెండరుతో కాదు, కార్తెలతో. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండకు పీవీసీ ఒక లెక్కా. రోహిణి పోయి మృగశిర వస్తే, అంటే జూన్ మొదటి వారం దాటితే, నైరుతి వానల సమయం. కాబట్టి రోహిణి చివర ఒక తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు మిద్దె ఎక్కాలి. ఎండాకాలమంతా చర్మానికి పడిన పగుళ్లన్నీ అప్పుడు కంటికి కనపడతాయి, నీళ్లు ఇంకా లోపలికి పోయి ఉండవు. వైద్యం చేయదగిన గడియ అదొక్కటే. ఒకసారి తడిశాక చేసేది వైద్యం కాదు, దినకర్మ.

అయితే మా సీమలో ముసురు పట్టి కొట్టే వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ వస్తాయి. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలును ముంచిన వరద ఎవరూ మరిచిపోలేదు. అందువల్ల వినాయక చవితి దాటాక ఇంకోసారి ఎక్కమని నా సలహా. మూలంలో లేదు. సూరిగారు క్షమించాలి. మిద్దెకు దగ్గర్లో పిడుగు పడినా, ఈదురుగాలికి యాంటెన్నా స్తంభం ఊగినా ఏ కార్తె అని చూడకుండా మర్నాడే ఎక్కాలి. పిడుగు పాలిథిన్‌లో సూది మొనంత చిల్లి చేసి పోతుంది. బయటికి ఏమీ తెలియదు. మబ్బు ఉరిమినప్పుడు మాత్రం ఎక్కకూడదు, తీగ రిగ్గు నుంచి ఊడదీసి దూరంగా పెట్టి కూర్చోవాలి. ఈ ఒక్క విషయంలో మామ, నేను, అత్త ముగ్గురం ఏకాభిప్రాయం.

"మిద్దె యెక్కి"

కోస్తా కవి అయితే మేడ యెక్కి అని రాసేవాడు. యతి అప్పుడూ చెల్లేది. మిద్దె అనడంలో ఔచిత్యం ఉంది. మా మిద్దెల మీద నాపరాళ్లు పరిచి ఉంటాయి. మే నెలలో నంద్యాల వైపు ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండకు నాపరాయి మీద కాలు పెట్టలేం. నల్లని తీగ మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే పడుకుని ఉంటుంది. వేడికి పాలిథిన్ మెత్తబడుతుంది. మెత్తబడిన చోట తీగ వంగి ఉంటే, నడుమ రాగి మెల్లగా పక్కకు జరుగుతుంది. లోపల నురగలాంటి పాలిథిన్ ఉన్న రకాల్లో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. తీగను రాయి మీద పరచకుండా రెండు ఇటుకల ఎత్తున కట్టెల మీదుగా తీసుకుపోతే సగం కష్టం తీరుతుంది.

పిట్టగోడ దగ్గర ఇంకో కష్టం. తీగను గోడ అంచు మీద లంబకోణంలో మడిచి కిందికి దించేశాడు మామ. తీగ మందానికి పదింతల కంటే ఇరుకుగా వంచకూడదని నియమం. 5 మిల్లీమీటర్ల ఆర్‌జీ-58 తీగకు 5 సెంటీమీటర్ల వంపు, 10 మిల్లీమీటర్ల ఆర్‌జీ-213కు 10 సెంటీమీటర్లు. చీరె మడత పెట్టినట్టు మడిచాడని నేనన్నాను. చీరె మడతయినా విప్పితే పోతుంది కదా నాయనా అంది అత్త, గడప అవతలి నుంచే.

నల్లమల పక్కన ఊళ్లకు కోతుల బెడద కూడా మూలకర్త చెప్పలేదు. కోతికి తీగంటే ఊడ. ఊగుతుంది, కొరుకుతుంది, రుచి బాగాలేకపోతే పక్కన ఇంకోచోట కొరికి చూస్తుంది. ఉడుతది ఇంతకన్నా మర్యాద, ఒక్కచోటే శ్రద్ధగా గీకుతుంది. తడిమితే రెంటి పళ్ల గుర్తులకూ తేడా తెలుస్తుంది.

"తీగ మేను తడుము"

తడుము అన్నాడు, చూడుము అనలేదు. ఇది పద్యంలో మొదటి రత్నం. కన్ను మోసపోతుంది. చేయి మోసపోదు. నాడి చూసే వైద్యుడిలా బొటనవేలు, చూపుడువేలు నడుమ తీగను పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా జార్చాలి. గట్టిపడి ఎండు కొమ్మలా చిటచిటలాడితే చర్మంలో నూనె చచ్చిందని అర్థం. జిడ్డుగా బంకగా తగిలితే ఆ నూనె బయటికి వస్తోందని. ఒకచోట చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటే అక్కడ కుర్చీ కాలు పడి ఉంటుంది, లేదా మిరపకాయలు ఎండబోయడానికి వచ్చినవాళ్లు రాయి పెట్టి ఉంటారు. ఉబ్బినట్టు తగిలితే లోపల తుప్పు.

తడమటం అయ్యాక కొసల దగ్గర ఆగాలి. నూటికి తొంభై జబ్బులు అక్కడే అని అనుభవజ్ఞులు చెబుతారు, నేను లెక్క కట్టలేదు గానీ మా ఇంట్లో మాత్రం రెంటికి రెండూ అక్కడే. హామ్‌లు ఎక్కువగా వాడే పీఎల్-259 కనెక్టరు నీటిని ఆపేది కాదు. నేనూ మొదట ఆపుతుందనుకున్నాను. ఎన్ రకం కనెక్టరులో రబ్బరు వలయం ఉంటుంది, అది నయం. పీఎల్ వాడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు కరెంటు టేపు చుట్టాలి. చుట్టేది కింది నుంచి పైకి. బోద కొట్టం కప్పేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి నడికొప్పుకు పోతారు, పై వరస కింది వరసను కప్పేలా. టేపూ అంతే. పై నుంచి కిందికి చుట్టినవాడు ప్రతి చుట్టులో వానచుక్కకు ఒక అరుగు కట్టి ఇచ్చినట్టు.

తీగ కిటికీలోంచి లోపలికి వచ్చేముందు ఒక జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. ఊయలలా. చుక్క ఆ అడుగున రాలిపోతుంది. ఈ ఊయల లేకే ఒక ఏడు మామ రిగ్గు వెనక చిన్న మడుగు కట్టింది. ఆ నెలంతా పద్యాలు ఆగాయి.

"నల్లబడిన రాగి నమ్మదగదు సుమ్ము"

ఇదే పద్యానికి గుండెకాయ. ఇక్కడ ఎంతసేపు ఆగినా తప్పులేదు.

రాగి ఎందుకు నల్లబడుతుంది? చర్మానికి ఎక్కడో ఒక పగులు, లేదా కొసన సడలిన టేపు. చుక్క లోపలికి దిగింది. రాగి వల దీపం వత్తిలాంటిది. వత్తి నూనెను పీల్చుకున్నట్టు వల నీటిని పీల్చుకుని గజాల దూరం లోపలికి తీసుకుపోతుంది. పైకొసన తడిస్తే గదిలోపల కొస దగ్గర పచ్చపొడి రాలిన తీగలున్నాయి. నీరు లేకున్నా నలుపు రావచ్చు. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. చవక రకాల్లో అది ఏళ్ల మీద బయటికే కాదు, లోపలికి కూడా దిగి రాగినీ పాలిథిన్‌నీ పాడుచేస్తుంది. అందుకే ఆర్‌జీ-213 లాంటి రకాలకు లోపలికి దిగని పదార్థంతో చర్మం ఉండాలని నియమం పెట్టారు. వానే పడని చోట కూడా తీగకు వయసు మీద పడుతుందన్నమాట.

శంక: నల్లబడితే ఏం, రాగి రాగే కదా, పైపై మసికి ఇంత రాద్ధాంతమా? సమాధానం: ఇంటి కరెంటు తీగ నిండా పారుతుంది. రేడియో కరెంటు అలా కాదు, తీగ పైపొరలోనే నడుస్తుంది. మామ మాట్లాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర మందం సుమారు 5.5 మైక్రాన్లు, మన తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. పైపై మసి అని మనం తీసిపారేసేదే దానికి రాజవీధి. పైగా వలలో కరెంటు ఒక పోగు నుంచి ఇంకో పోగుకు దాటుతూ పోవాలి. ప్రతి దాటు దగ్గరా తుప్పు ఒక గేటు.

ఇక నమ్మదగదు అనే మాట. రాగిని నమ్మకూడదని మాత్రమే అర్థమైతే పద్యం మామూలు పద్యం. మామ ఉద్దేశించని గొప్ప అర్థం ఇంకొకటి ఇందులో ఉంది. నల్లబడిన రాగి ఉన్నప్పుడు మీటరును కూడా నమ్మకూడదు. ఈ రహస్యం మా ఇంట్లో ఎలా బయటపడిందో చెబుతాను.

మామ రిగ్గు 25 వాట్లు. మిద్దె మీది స్తంభం దాకా ఆర్‌జీ-58 తీగ 20 మీటర్లు. ఈ సన్న తీగ కొత్తదయినా సరే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు సుమారు 20 డెసిబెళ్లు మింగుతుంది, అంటే 20 మీటర్లకు 4. కింద 25 వాట్లు బయల్దేరితే పైకి చేరేది 10. కె.సి. కాలువ కింద ఆఖరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క వివరించనక్కర్లేదు. సుంకేసుల బ్యారేజీ దగ్గర ఎంత వదిలారన్నది ఆయనకు అనవసరం, తన మడికి ఎంత వచ్చిందన్నదే లెక్క.

పోయిన మాఘం నుంచి మామ చాలా హుషారుగా ఉన్నాడు. యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత ఒకటుంది, ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. 1 ఉంటే శ్రేష్ఠం, పెరిగేకొద్దీ చేటు. మామ మీటరు ఏళ్లుగా 1.5 చూపేది. అది ఏ వైద్యమూ చేయకుండానే 1.2కు దిగింది. "చూస్తివా అల్లుడూ, యాంటెన్నా ముదిరేకొద్దీ చక్కబడుతాంది" అన్నాడు ఫోనులో. అదే నెలల్లో నంద్యాల నుంచి రోజూ పలికే మిత్రుడు, ఎప్పుడూ ఐదూ తొమ్మిది, అంటే బ్రహ్మాండంగా వినపడుతోంది, అని రిపోర్టు ఇచ్చేవాడు, ఐదూ ఐదన్నాడు, మూడూ మూడన్నాడు, చివరికి పలకడమే మానేశాడు. "వానికి చెవుడొచ్చినట్టుందబ్బా" అని మామ తీర్పు.

అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి అని ఒకటుంది. పైకి పొగిడినట్టుంటుంది, లోపల నింద. మీటరు చేసింది అదే. అది కింద రిగ్గు పక్కన కూర్చుని యాంటెన్నా దగ్గర ఒల్లక తిరిగొచ్చిన శక్తిని మాత్రమే లెక్కపెడుతుంది. తిరిగొచ్చిన ఉత్తరాలు లెక్కబెట్టి పోస్టుమ్యాన్ పనితనం తేల్చడం లాంటిదిది. ఉత్తరాలు దారిలో కాలువలో పారేస్తే ఒక్కటీ తిరిగి రాదు, పోస్టుమ్యాన్‌కు బహుమతి వస్తుంది. మామ యాంటెన్నా దగ్గర నిజమైన నిష్పత్తి 3. తీగ పోయేటప్పుడు 4, వచ్చేటప్పుడు 4 డెసిబెళ్లు మింగడం వల్ల మీటరుకు 1.5గా కనపడేది. తీగ చెడి ఆ మింగుడు రెట్టింపయ్యేసరికి 1.2 అయింది. జబ్బు ముదిరేకొద్దీ ముఖంలో కళ పెరిగే రోగి ఇంకెక్కడా దొరకడు.

నేను సెలవులకు వెళ్లి మిద్దె ఎక్కాను. ఒక మిత్రుణ్ణి అడిగి నానోవీఎన్‌ఏ అనే తీగలనూ యాంటెన్నాలనూ కొలిచే అరచేతి యంత్రం తెచ్చుకున్నాను. యాంటెన్నాను పూర్తిగా ఊడదీసి తీగ పైకొసను గాలికి వదిలేశాను. పైన ఏమీ లేదు గనక పోయిందంతా తిరిగి రావాలి, యంత్రం కేకలు పెట్టాలి. కిందికొచ్చి చూస్తే 1.4. మామ కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. "యాంటెన్నా లేకుండానే ఇంత బాగుంటే, ఇంగ యాంటెన్నా ఎందుకురా మనకు?" అన్నాడు. నవ్వుకే అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేలలేదు.

ఆళ్లగడ్డ శిల్పులు రాతిని ఉలితో తట్టి మోత విని లోపల పగులు ఉందో లేదో చెబుతారు. పైకొస తెరిచి కింద నుంచి కొలవడం కూడా రాతిని తట్టడమే. తిరిగొచ్చిన నష్టం 16 డెసిబెళ్లు, పోనూ రానూ కలిపి గనక సగం చేస్తే 8. అంటే పైకి చేరుతున్నది 4 వాట్లు. కొత్త ఆర్‌జీ-58 అయితే ఇంతే పొడవుకు 2.3 చూపి ఉండేది. ఆ యంత్రమే ఆరో మీటరు దగ్గర ఏదో మడత ఉందని కూడా చెప్పింది. అది పిట్టగోడ.

అంతకుముందే మామ మల్టీమీటరుతో పరీక్ష చేసి ఉన్నాడు. కొసకు కొస బీప్ వచ్చింది, నడుమకూ వలకూ కలవలేదు, కాబట్టి తీగ బతికే ఉందని ఆయన పూర్వపక్షం. ముక్కు కింద వేలుపెట్టి ఊపిరి ఉందో లేదో చూడటం ఆ పరీక్ష. దానితో చావు తెలుస్తుంది గానీ జ్వరం తెలియదు. ఈ ఖండనకు మామ జవాబివ్వలేదు. కాఫీ చల్లారిపోయిందన్నాడు.

"తళుకు లేని తీగ తరిగి మార్చు"

తరిగి అనే మాటలో శ్లేష. కోసి అని ఒక అర్థం, కూరగాయలు తరిగినట్టు. తగ్గి అని ఇంకొకటి. వాట్లు తరిగి, మాట తరిగి, మిత్రుడి ఓపిక తరిగి, ఆ తర్వాత మార్చేవాడు మామ. మొదటి అర్థమే గ్రాహ్యం.

ఎంత తరగాలి? కనెక్టరు కోసి పారేసి, ఒక జానెడు చర్మం ఒలిచి చూడాలి. వల కొత్త చెంబులా తళుక్కుమంటే అదృష్టం, కొత్త కనెక్టరు బిగించుకుని దిగిపోవచ్చు. గోధుమరంగు ఉంటే అది వయసు, రోగం కాదు, ఇంకో ఏడు చూడొచ్చు. నలుపూ పచ్చపొడీ ఉంటే ఇంకో మూర తరిగి చూడాలి. మూర తర్వాత కూడా నల్లగానే ఉంటే ఇంక తరగడం ఆపి మొత్తం మార్చాలి. మేము మూడు మూరలు తరిగాం, మామ ఇంకొక్క మూర, ఇంకొక్క మూర అంటూనే ఉన్నాడు. ఎండలో ఉండే తీగకు మా వైపు ఆరేళ్లు ఆయుష్షు అనుకోవడం మంచిదని నా అభిప్రాయం, పరీక్షలో ఎంత బాగున్నా సరే. నీడలో గోడ వెంట ఉన్నదాన్ని ఆ లెక్కలో పట్టనక్కర్లేదు. తడిసిన తీగను ఎండబెట్టి వాడదామనుకునేవాళ్లున్నారు. నీరు ఆరుతుంది, నలుపు ఆరదు.

శంక: నంద్యాలలో ఏ వీధిలో అడిగినా టీవీ కేబుల్ దొరుకుతుంది, చవక కూడా, అదే వేస్తే? ఇక్కడ చాలామంది వ్యాఖ్యాతలు కళ్లెర్రజేస్తారు. రేడియోకు 50 ఓములు, టీవీకి 75, కలవకూడదు అని. నాకు ఆ కోపం అతి అనిపిస్తుంది. గాలి నిండిన తీగలో నష్టం అతి తక్కువగా ఉండేది 77 ఓముల దగ్గర, శక్తిని ఎక్కువగా మోసేది 30 దగ్గర. నడుమన రాజీ కుదిర్చినది 50. ఒక్క వినడమే పని గనక టీవీవాళ్లు 75 దగ్గర ఆగారు. రెంటి నడుమ తేడా ఒకటిన్నర రెట్లే. నిజం చెప్పాలంటే టీవీకి వాడే ఆర్‌జీ-6 తీగ నష్టం విషయంలో మామ ఆర్‌జీ-58 కంటే మేలు. చిక్కల్లా దాని వల అల్యూమినియం కావడం. టంకం అంటదు, మన కనెక్టరు కుదరదు, ఎలాగో కుదిర్చినా రాగీ అల్యూమినియమూ వానలో కలిసి కాపురం చేయవు. టీవీ తీగ చెడ్డది కాదు, సంబంధం కుదరనిది.

కాబట్టి ఆర్‌జీ-213 తెప్పించాం. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీటులోనో దొరికే సరుకు ఇది. కొనేటప్పుడు ఒక కొస ఒలిపించి చూడాలి. వెనకటికి నేను ఒక దుకాణంలో పేరు చూసి కొన్న తీగలో వల దోమతెర కంటే పలచగా ఉంది, నడుమది రాగి పూత పూసిన ఇనుము. ఈసారి ఒలిపించే కొన్నాను. వేలంత లావు తీగ, 20 మీటర్లకు నష్టం సుమారు 1.8 డెసిబెళ్లు. 25 వాట్లలో దాదాపు 17 స్తంభం మీదికి చేరతాయి. వేసిన రోజు మీటరు దాదాపు 2 చూపింది. మామ అదిరిపడ్డాడు. "పాతదే మేలు కదరా" అన్నాడు. తీగ నిజం చెప్పడం మొదలుపెట్టిందంతే, యాంటెన్నా తప్పు అప్పుడు బయటపడింది. దాని పొడవు కొలిచి సరిచేసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. చీకటి పడ్డాక నంద్యాల మిత్రుడు పలికాడు. ఐదూ తొమ్మిది. ఇన్నాళ్లూ మీకేమైందని ఆయన అడిగితే, చెవి బాగా లేదని విన్నాం, ఇప్పుడెట్లుంది అని మామ ఎదురు అడిగాడు.

తరిగిన పాత తీగ గడప అవతల చుట్ట చుట్టి పడి ఉంది. నేను ఈ టీకా నాలుగో పాదం దగ్గర ఆగి, మార్చు అనే క్రియకు కర్మ ఏది, పాత తీగా కొత్త తీగా అని మామతో వాదిస్తున్నాను. కింద దొడ్లోంచి అత్త పిలిచింది. వెళ్లి చూస్తే వేపచెట్టుకూ బాత్‌రూము గోడకూ నడుమ ఆ నల్లని తీగ బిగించి ఉంది, దాని మీద మామ పంచె, తువ్వాలు, నా చొక్కా ఆరుతున్నాయి. "మీ పద్యంలో మార్చు తీసేసి కట్టు అని రాసుకోండి నాయనా" అంది.

తరిగి కట్టు. గణం చెడలేదు. యతి చెల్లింది. మామ మారు మాట్లాడకుండా బొగ్గు ముక్క వెతకడానికి పైకి పోయాడు.